ఎవరో కొట్టిన గుమ్మడికాయ

మా తమ్ముడి కొడుకు ఈ దసరాకు కారు కొన్నాడు. ప్రొద్దుటూరులో మేముండే వీధిలో కారు తిప్పాలంటే రెండిళ్ల అరుగులు కొట్టేయాలి, అయినా కొన్నాడు. ఆయుధపూజ నాడు పొద్దున్నే దాన్ని కడిగి, బంతిపూల దండలు కట్టి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, ఇంటికి పెద్దదాన్నని నన్ను పిలిచి హారతి ఇమ్మన్నాడు. ఇచ్చాను. తర్వాత బూడిద గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి, కారు చుట్టూ మూడుసార్లు తిప్పి, వీధి నడిమధ్యన పగలగొట్టాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. కాయలో పోసిన కుంకుమనీళ్లు తారు మీద పారాయి. గుజ్జు, గింజలు అటూ ఇటూ చిమ్మాయి. కారు నిమ్మకాయల్ని తొక్కుకుంటూ వీధి మలుపు తిరిగింది, అందరూ ఓళిగలు తినడానికి లోపలికి పోయారు. నేను పొరక, చేట తెచ్చుకుని రోడ్డు ఊడవడం మొదలుపెట్టాను.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అత్తా, మీరెందుకు? మున్సిపాలిటీ వాళ్లు ఎత్తుకపోతార్లే. అదీగాక దిష్టి తీసింది గదా, ముట్టగూడదంట!" అంది. ముట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలియదు తల్లీ, ముట్టుకోకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు, అన్నాను. నా గొంతులో ఏం వినపడిందో ఏమో, ఆ పిల్ల బిత్తరపోయి లోపలికి వెళ్లింది. పండగపూట కొత్త కోడలిని కసిరానని మా తమ్ముడు సాయంత్రం దాకా ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి గొంతు పెద్దది చేసుకున్నదాన్ని, నేను మెల్లగా మాట్లాడినా కసిరినట్టే ఉంటుంది. కానీ ఆ కోపం ఆ పిల్ల మీదిది కాదు. అది నా పదమూడో ఏటిది. మా నాయన బతికుండగా ఎవరి ముందూ పెట్టలేకపోయాను. పోయిన ఎండాకాలంలో ఆయన వెళ్లిపోయాడు, తొంభై దాటి, పండుటాకులాగా. ఇక రాసేస్తాను.

మా నాయన ఆంజనేయస్వామి గుడి పూజారి. జమ్మలమడుగు ఊరు దాటి ప్రొద్దుటూరు రోడ్డు మొదలయ్యే చోట, రోడ్డుకు పది అడుగుల దూరంలో ఆ గుడి. గుడి పక్కనే మా ఇల్లు. రెండు గదులు, ఒక వసారా, ముందు ఒక అరుగు. ఆ అరుగు మీద కూర్చుంటే పెన్న వైపు నుంచి గాలి వచ్చేది, దాని వెంట లారీల పొగా వచ్చేది. మా ఇంట్లో పొద్దున్నే ఏ వాసన ముందు తగులుతుందో చెప్పలేం. గుళ్లో సిందూరం కలిపిన నూనె వాసన, అవ్వ వంటింట్లో ఇంగువ తిరగమోత, గుడి ముందు ఆగిన లారీల నుంచి డీజిలు, గ్రీజు. ఇప్పటికీ పెట్రోలు బంకులో నిలబడితే నాకు దేవుడు గుర్తొస్తాడు. నవ్వుకోండి, ఫరవాలేదు.

మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇంటికంతా మడి చట్టం. ఏది ముట్టాలి, ఏది ముట్టరాదు, ఏది దాటాలి, ఏది దాటరాదు, అన్నీ ఆమె నోట్లోనే ఉండేవి. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది, తమ్ముణ్ణీ నన్నూ పెంచింది అవ్వే. గుమ్మంలో కూర్చోరాదు, పొద్దుగుంకినాక కసువు ఊడ్వరాదు, దిష్టి తీసినవి తొక్కరాదు. ఆమె మాటకు నాయన ఎదురు చెప్పిన రోజు నాకు గుర్తులేదు. ఆయన నెమ్మదస్తుడు. ఎంత నెమ్మదంటే, కోపం వచ్చిందని తెలియడానికి మాకు రెండు రోజులు పట్టేది. ఊళ్లో ఎవరింట్లో తగువైనా పిలిచేవాళ్లు. వెళ్లి కూర్చుని, ఎవరినీ తప్పు పట్టకుండా మాట్లాడి వచ్చేవాడు. ఎవరినీ తప్పు పట్టకుండా మాట్లాడడం గొప్ప గుణమని నేను చాలాకాలం నమ్మాను.

స్వామి అభిషేకానికి పాలు తెచ్చేది ఓబులేసు మామ. గొర్లు, బర్రెలు మేపుకునే కుటుంబం, పక్క పల్లె. మాకు చుట్టం కాకపోయినా మామే, ఆయన భార్య చెన్నమ్మ నాకు అత్తే. తెల్లవారకముందే సైకిలు గంట వినిపించేది, ఆ వెనకే "అమ్మణ్ణీ, గిన్నె తే!" అని కేక. అభిషేకానికి పోసే పాలు కొలిచేవాడు కాదు. కళ్లు మూసుకుని పోసేవాడు, గిన్నె నిండి కారేదాకా. అవ్వ గొణిగేది. ఆ ఏడు దసరాకు ముందు ఆయన ఒక పాత మోపెడ్ కొన్నాడు. చిన్న చక్రాలు, రెండు పక్కలా రెండు పాలక్యాన్లు. దాన్ని నడుపుతుంటే ఆయన మోకాళ్లు చెవులకు తగిలేట్టుండేవి. నేనూ తమ్ముడూ విరగబడి నవ్వేవాళ్లం. "నవ్వండి నవ్వండి, మీ పెండ్లికి దీనిమీదనే వస్తా" అనేవాడు.

దసరా అంటే మా వైపు ప్రొద్దుటూరే. మైసూరుకు ఏం తీసిపోదని మావాళ్ల నమ్మకం. తొమ్మిది రోజులూ సాయంత్రమైతే చుట్టుపక్కల పల్లెలన్నీ అమ్మవారి అలంకారాలు చూడడానికి ప్రొద్దుటూరికి కదిలేవి. బస్సులు చాలేవి కావు. జీపుల్లో ముందు అయిదుగురు, వెనక పన్నెండు మంది, పైన ఎక్కినవాళ్లు ఎక్కినట్టు, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్లు. ఆ బండ్లన్నీ మా గుడి ముందు నుంచే పోవాలి. ఆయుధపూజ నాడయితే అన్నీ మా గుడి ముందు ఆగాలి. లారీలు, జీపులు, ట్రాక్టర్లు, సైకిళ్లు, ఒకసారి ఒకాయన తోపుడుబండి కూడా తెచ్చాడు. అన్నిటికీ ఒకటే పూజ. నాయన గంధంతో బొట్టు పెట్టి మంత్రం చదివేవాడు. నా పని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం. తమ్ముడు దండలు అందించేవాడు. చివరికి గుమ్మడికాయ. బండి యజమానులు, "మా చేత్తో వద్దు, సామి చేతుల మీదుగా కొడితేనే మంచిది" అని కాయ నాయన చేతికిచ్చేవాళ్లు. ఆయన తిప్పి రోడ్డు మీద కొట్టేవాడు. ఒక్కటి కాదు, పొద్దున నుంచి వచ్చిన బండ్లన్నిటికీ. ఇది మరిచిపోకండి. ఆ కాయలన్నీ కొట్టింది మా నాయన.

ఆరోజు మధ్యాహ్నానికి గుడి ముందు రోడ్డు పెరుగన్నం ఒలకబోసినట్టయింది. కాయల గుజ్జు, తొక్కలు, గింజలు, కుంకుమనీళ్లు, నలిగిన నిమ్మకాయలు. ఓబులేసు మామ మోపెడ్‌కు కూడా పొద్దున్నే పూజ అయింది. క్యాన్లు వేసుకుని ఊళ్లోకి పోయి, నాయన కాస్త ఊపిరి తీసుకుంటున్న వేళకు తిరిగొచ్చి బండి ఆపి దిగాడు. కాళ్లకు అంటిన గుజ్జు అరుగుకు రాసుకుంటూ అన్నాడు.

"సామీ, రోడ్డు శానా జారతాండాది. ఇంతకుముందే నా బండి అడ్డంగా పోయె, కాలు ఊని నిలబడినా. సాయంత్రానికి జీపులన్నీ ప్రొద్దుటూరికి పోతాయి. ఆ ముక్కలు పక్కకు నెట్టిస్తే బాగుంటాది."

"చూద్దాంలే ఓబులేసూ," అన్నాడు నాయన. "దిష్టి తీసినవి కదా. పొద్దుగుంకేదాకా కదిలించకూడదంటారు."

"నేనే నెట్టేసుందును సామీ. పరాయోళ్ల దిష్టి మనకెందుకని జంకుతాండా" అని ఆయన కూడా నవ్వేశాడు.

నేను వసారాలో ఉన్నాను. ఆ మాట విని పొరక తీసుకుని రోడ్డు మీదికి దిగాను. ఏదో గొప్ప ఆలోచనతో కాదు. మామ చెప్పాడు, చేద్దామనిపించింది. రెండడుగులు వేశానో లేదో అవ్వ గుమ్మంలోంచి అరిచింది. "ఓసీ! ఆ పొరక ఆడ పడేయ్! ఊరందరి దిష్టీ నీ నెత్తినేసుకుంటావా? పెండ్లి కావాల్సిన పిల్లవి!" నేను నాయన వైపు చూశాను. ఆయన నా వైపు చూసి, తర్వాత అవ్వ వైపు చూసి, "వద్దులే అమ్మా, సాయంత్రం చూద్దాం" అన్నాడు. పొరక గోడకు ఆనించి లోపలికొచ్చాను. ఓబులేసు మామ నన్ను చూసి తల పంకించాడు. బండి నడిపించుకుంటూ గుజ్జు దాటి, అవతల ఎక్కి వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంకా దీపాలు పెట్టలేదు. నేను అరుగు మీద కూర్చుని పూలు కడుతున్నాను. ఓబులేసు మామ సాయంత్రం పాలు ఊళ్లో పోసి ఇంటికి పోతున్నాడు. వెనక నుంచి జీపు వచ్చింది, నిండా జనం, పైన కూడా. పొద్దున మేమే పూజ చేసిన జీపు, ముందు మా దండే ఉంది. దారి ఇద్దామని మామ రోడ్డు అంచుకు తిప్పాడు. మోపెడ్ ముందు చక్రం గుజ్జు మీదికెక్కింది. ఆయన పడ్డాడు. క్యాన్లు పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. జీపు డ్రైవరు బ్రేకు తొక్కాడు, జీపు ఆగలేదు. అది కూడా అదే గుజ్జు మీద జారుకుంటూ వచ్చింది. ఇంతకన్నా రాయలేను. రోడ్డు మీద ఎర్రగా ఉన్నదాంట్లో ఏది కుంకుమో ఏది నెత్తురో నాకు తెలియలేదు. జీపు డ్రైవరు రోడ్డు మీద కూలబడి తల కొట్టుకుంటూ, "తొక్కినా సామీ, తొక్కినా, పట్టలేదు సామీ!" అని అదే మాట అంటున్నాడు. దాని బ్రేకులు అంతంతమాత్రమని, పండగ గిరాకీ పోతుందని షెడ్డుకు తీసుకుపోలేదని తర్వాత తెలిసింది. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టింది నేనే.

మామను మిషన్ ఆసుపత్రికి అదే జీపులో తీసుకుపోయారు. ఆయన రెండు రోజులు బతికాడు. ఆ సాయంత్రం జనం వెళ్లిపోయాక, నాయన బావిలో నీళ్లు చేది రోడ్డంతా కడిగాడు. దిష్టి ముక్కలు ముట్టరాదన్న అవ్వే చేటతో ఎత్తి కాలవలో పోసింది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. మర్నాడు పోలీసు వచ్చి, ఈ కాయలు ఎవరు కొట్టారని అడిగాడు. నాయన తల దించుకుని, "పొద్దున్నించి ఎన్నో బండ్లు వచ్చినాయి. ఎవరెవరో కొట్టినారు" అన్నాడు. పోలీసు రాసుకుని వెళ్లిపోయాడు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. దినాల నాడు నాయన బియ్యం, కందిబేడలు మూటకట్టుకుని ఓబులేసు మామ ఇంటికి నడిచి వెళ్లాడు, నన్ను కూడా తీసుకెళ్లాడు. ఈరోజు చెప్తాడు అనుకున్నాను. చెన్నమ్మత్త చంకలో బిడ్డతో గోడకు ఆనుకుని ఉంది. నాయన మూట దించి, "దైవ నిర్ణయం తల్లీ" అన్నాడు. తిరిగొచ్చేశాం. దారంతా ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది.

ఆ తర్వాత మా నాయన మారిపోయాడు. అది కాదంటే పాపం చేసినదాన్నవుతాను. మరుసటి ఏడు నుంచి మా గుళ్లో గుమ్మడికాయ రోడ్డు మీద కొట్టడం లేదు. గుడి పక్కన గుంట తవ్వించి అందులోనే కొట్టాలన్నాడు. అవ్వ ఏమీ అనలేదు, ఆ ఏటి నుంచి ఆమె చట్టాలు కూడా సగం మూతబడ్డాయి. బండి పూజకు వస్తే ముందు బ్రేకు చూపించాలి. "బ్రేకు లేని బండికి హారతి ఇయ్యను" అనేవాడు. ఒక లారీ డ్రైవరు విసుక్కుని, "సామీ, నువ్వు పూజారివా, బ్రేకు ఇనస్పెక్టరువా?" అని అడిగాడు. నాయన పళ్లెం కింద పెట్టి, "ఏదో ఒకటి. ముందు దిగి, చక్రాలెట్లున్నాయో చూపించు" అన్నాడు. తీర్థం ఇచ్చేటప్పుడు ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేవాడు. తాగి వచ్చినవాడికి, "ఈ తీర్థం పోసే నోట్లోనే అదీ పోస్తే ఎట్లరా నాయనా? పో, నిద్రపోయి రేపు రా, స్వామి ఎక్కడికీ పోడు" అని బండి తాళం తీసి గుళ్లో పెట్టేవాడు. జీపులో లెక్కకు మించి ఎక్కితే రోడ్డుకు అడ్డంగా నిలబడి దింపేవాడు. ఊళ్లో ఆయనకు 'బ్రేకుల సామి' అని పేరొచ్చింది. వెనక నవ్వేవాళ్లు. కొందరు ఈ గొడవ ఎందుకని వేరే గుళ్లకు పోయారు. ఆయన పట్టించుకోలేదు. ఎన్ని ప్రాణాలు నిలిపాడో ఎవరికి తెలుసు, కొన్నయినా నిలిపే ఉంటాడు. అది నేను నమ్ముతాను.

కానీ ప్రతి డ్రైవరుకూ ఆయన ఆ కథ చెప్పేవాడు. పండగ రోజు తొందరగా పోకండి, ఈడే, ఈ గుడి ముందే, పాలు పోసుకునే మనిషి పోయినాడు. "ఎవరో గుమ్మడికాయ కొట్టి వదిలేసినారు. దానిమీద జారినాడు." వందసార్లు విన్నాను, వెయ్యిసార్లు విన్నాను. ప్రతిసారీ ఆ వాక్యంలో 'ఎవరో' అన్న మాటే. తర్వాత నేను బడిలో పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పేటప్పుడు, కర్తను గుర్తించండి అని బల్ల మీద చేత్తో కొట్టి చెప్పేదాన్ని. ఏ పిల్లవాడైనా తడబడితే మాత్రం పుస్తకం మూసి కిటికీ వైపు తిరిగేదాన్ని. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా నాయన భుజాలు తడుముకోలేదు. ఆ బరువుతోనే వంగిపోయి నడిచాడు, అంతే. ఊరు దాన్ని వయసు అనుకుంది.

వీటన్నిటికంటే నన్ను కాల్చినది పాలు. ఓబులేసు మామ పోయిన నెల తిరక్కుండానే, ఒక తెల్లవారుజామున చెన్నమ్మత్త పాలచెంబుతో గుమ్మంలో నిలబడింది. మామ పోసినట్టే గిన్నె నిండి కారేదాకా పోసింది. నాయన "నీకెందుకమ్మా ఈ శ్రమ" అంటే, "ఆయన మొక్కు సామీ, నేను ఆపను" అంది. అభిషేకం అయ్యేదాకా స్తంభానికి ఆనుకుని నాయన ముఖంలోకి చూస్తూ కూర్చునేది. తీర్థం తీసుకుని పోయేది. మర్నాడు మళ్లీ. బిడ్డ నడవడం నేర్చింది, తల్లి కొంగు పట్టుకుని వచ్చేది. పరాయి బండ్లవాళ్లకు నాయన ఆ కథ చెప్తున్నప్పుడు చెన్నమ్మత్త అక్కడే ఉండేది. 'ఎవరో' అన్న మాట దగ్గర ఆమె కళ్లు ఎత్తేది. నాకు పెళ్లయి పోయేదాకా, పోయాక కూడా, చాలా ఏళ్లు వచ్చింది. ఎంత భక్తి అనుకున్నాం. ఎంత మంచి మనిషి, మన మీద ఏ అనుమానమూ లేదు అని లోలోపల ఊపిరి పీల్చుకున్నాం. తర్వాత బర్రెలు అమ్మేసి, తొండూరు దగ్గర పల్లెలో ఉన్న కూతురింటికి వెళ్లిపోయిందని విన్నాను.

ఇప్పుడా రోడ్డు వెడల్పయింది, మా గుడి వెనక్కి జరిగింది. జీపుల కాలం పోయి కార్లు వచ్చాయి, అవి జీపులకన్నా వేగంగా పోతాయి. హెల్మెట్లు మోచేతికి తగిలించుకుని, తలను దేవుడికి వదిలేసి పోతున్న పిల్లల్ని చూస్తుంటాను. పండగొస్తే తాగడం, తాగితే తోలడం, తోలుతూ ఫోన్లో మాట్లాడడం. మా కాలం మంచిదని నేను అనను. మా కాలంలో బ్రేకులు లేని జీపులో ఇరవై మంది ఎక్కేవాళ్లం, దానికి నిమ్మకాయలు పెట్టి నమ్మేవాళ్లం. అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒక్కటే. ప్రమాదం జరిగాక వెళ్లి అడగండి. రోడ్డు బాగాలేదు అంటారు, టైము బాగాలేదు అంటారు, ఎవరో అడ్డమొచ్చారు అంటారు. "నేను" అనే మాట ఎవరి నోటా రాదు.

నాయనకు ఊపిరి అందక అంబులెన్సులో ప్రొద్దుటూరుకు తెస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆయన మాస్కు పక్కకు లాగి డ్రైవరును పిలిచాడు. "మెల్లగా పోనీ నాయనా. ఈడ ఒక మనిషి పోయినాడు." నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడైనా, అనుకున్నాను. వంగి చెవి ఆయన నోటి దగ్గర పెట్టాను. "ఎవరో గుమ్మడికాయ..." అని ఆగి, కళ్లు మూసుకున్నాడు. రెండు రోజుల తర్వాత పోయాడు. నేను ఏడ్చాను. ఆయన పోయినందుకా, ఆ వాక్యం అట్లాగే మిగిలినందుకా, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈ దసరా అయిన నాలుగో రోజు పులివెందుల బస్సెక్కి తొండూరులో దిగి, ఆటో మాట్లాడుకుని చెన్నమ్మత్త ఉన్న పల్లెకు పోయాను. కూతురు చీనీతోటలోకి పనికి పోయింది. అత్త వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటిన మనిషి, చూపు మందగించింది. గొంతును బట్టి గుర్తుపట్టింది.

"ఎవరు, అమ్మణ్ణేనా? ఎట్లొచ్చినావు బిడ్డా ఇంత దూరం? సామి బాగుండాడా?"

"నాయన పోయాడత్తా. ఎండాకాలంలో."

ఆమె చేతులు రెండూ జోడించి నుదుటికి ఆనించుకుంది. నేను కింద కూర్చున్నాను. బస్సులో అంతసేపూ మాటలు పేర్చుకున్నాను, ఆమె ముందు ఒక్కటీ గుర్తు రాలేదు. "అత్తా, ఆ కాయలు కొట్టింది మా నాయన," అన్నాను. "అన్నీ ఆయనే కొట్టాడు. జారతాండాదని మామ మధ్యాహ్నమే చెప్పాడు. నాయన సాయంత్రం చూద్దామన్నాడు. నేను పొరక తీసుకుని మళ్లీ పెట్టేశాను. మీకు చెప్పలేదు. మేమెవరమూ చెప్పలేదు."

ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. "నాకు తెలుసు" అంది.

నేను మంచం దగ్గరికి జరిగాను.

"ఆస్పత్రిలో ఆయనకు తెలివుండె ఒక పూట. అంతా చెప్పినాడు. సామికి చెప్పినా గానీ ఇనలేదు అన్యాడు. ఆ పిల్ల మాత్రం ఊడ్వను వచ్చె, దానిమీద కోపం పెట్టుకోవద్దన్యాడు. పెట్టుకోలేదు బిడ్డా నీ మీద. నువ్వేం చేస్తావు, పసిదానివి."

"తెలిసి కూడా అన్ని ఏండ్లు పాలు తెచ్చావా అత్తా? మా గుడికి?"

"దేవునికనుకున్యారు గదా మీరు" అంది ఆమె. నవ్వినట్టే ఉంది, నవ్వు కాదు. "ఎదురుగా కూర్చుంటే యా పొద్దన్నా నోరు తెరుస్తాడని వస్తాంటి. తిట్టల్లనీ కాదు, కొట్టల్లనీ కాదు. నా పొరపాటు తల్లీ అంటే సాలు. శానా మంచోడు మీ నాయన. ఊరందరికీ బుద్ధి చెప్పినాడు. నాకు ఆ ఒక్క మాట చెప్పలేకపాయ. ఎప్పుడు చెప్తాడోనని నేను, యాడ చెప్పాల్సొస్తాదోనని ఆయన. ఇట్లనే అయిపాయ ఇద్దరి బతుకూ."

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె తియ్యమనలేదు, లేవమనలేదు. చెయ్యి నా తల మీద పెట్టింది. కాసేపటికి గొంతు తగ్గించి, పక్కన ఎవరో వింటారన్నట్టు అడిగింది. "పోయేటప్పుడన్నా అన్యాడా అమ్మణ్ణీ? నేనే అని?"

అన్నాడు అని చెప్పడం ఎంత తేలిక! ఒక్క అబద్ధంతో ఆమె నలభై ఏళ్లకు పైగా కనిపెట్టుకున్న మాట ఆమె చేతిలో పెట్టి రావచ్చు. మా నాయనకు కూడా మంచి పేరు మిగులుతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మసక కళ్లు నా ముఖం కోసం వెతుకుతుంటే, మళ్లీ ఇంకో కథ కల్పించి ఇవ్వడానికి నోరు రాలేదు.

"లేదత్తా" అన్నాను. "అనలేదు."

వీధిలో ఎవరిదో మోటారు సైకిలు పోయింది. ఆమె ఆ చప్పుడు పూర్తిగా దూరమయ్యేదాకా ఆగి, కొంగుతో ముఖం తుడుచుకుని అంది.

"అట్లయితే ఇంగ నేను కాసుకోని ఉండే పనిలేదు."